ఆర్ ఆగినంత మాత్రాన బి స్థిరపడినట్టు కాదు

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టుగా ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ దగ్గర ఒక ప్రోటీన్ స్ఫటికం నుంచి 2.1 ఆంగ్‌స్ట్రామ్ రిజల్యూషన్ (ఎంత సన్నని వివరం దాకా కనిపిస్తుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ మెరుగు) ఉన్న ఎక్స్-రే డేటా ఉంది. మాలిక్యులర్ రీప్లేస్‌మెంట్‌తో, అంటే పోలిన నిర్మాణాన్ని ఆధారంగా తీసుకుని, మోడల్ దొరికింది. రెఫ్‌మ్యాక్ అనే ప్రోగ్రాంలో జాబుకు పది సైకిళ్ల చొప్పున రిఫైన్‌మెంట్, అంటే మోడల్‌ను డేటాకు సరిపోయేలా సవరించే పని, నడుపుతున్నారు. మోడల్ డేటాకు ఎంత దూరంగా ఉందో చెప్పే ఆర్-ఫ్యాక్టర్, రిఫైన్‌మెంట్‌కు వాడకుండా పక్కన పెట్టిన డేటాతో (ఫ్రీ సెట్) అదే చూసే ఆర్-ఫ్రీ రెండూ నాలుగైదు జాబులుగా కదలడం లేదు. పరమాణువులు తమ చోట ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే బి-ఫ్యాక్టర్ సగటు మాత్రం ప్రతి జాబుకూ కాస్త పెరుగుతూ 32 నుంచి 38కి చేరింది. అదే డేటా మీద మీ ల్యాబులోని మరొకరు అన్ని పరమాణువుల బి విలువలనూ 50కి మార్చి మొదలుపెడితే సగటు 44 దగ్గర ఆగింది. ఎవరిది నమ్మాలి, రిఫైన్‌మెంట్ ఎప్పుడు ఆపాలి అన్నది మీ సందేహం.

ఇద్దరిదీ ఇంకా పూర్తి కాలేదు. మీరు కింది నుంచి ఎక్కుతున్నారు, వారు పై నుంచి దిగుతున్నారు, మధ్యలో ఇద్దరూ ఆగిపోయారు. అసలు విలువ 38కీ 44కీ మధ్య ఎక్కడో ఉండవచ్చు. అలాగని సగటు తీసి 41 అనుకోకండి. ఆ ఆరు యూనిట్ల తేడా ఎందుకు వచ్చిందన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన సంగతి.

బి అంటే ఏమిటో మీకు తెలుసు కానీ అంకెల్లో ఒకసారి చూద్దాం. పరమాణువు తన స్థానం నుంచి ఒక దిశలో ఎంత జరుగుతోందో, దాని సగటు వర్గాన్ని పై వర్గానికి ఎనిమిది రెట్లతో, అంటే దాదాపు 79తో గుణిస్తే వచ్చేదే బి. యూనిట్ చదరపు ఆంగ్‌స్ట్రామ్. ఇకపై అంకె మాత్రమే రాస్తాను. బి 20 అంటే ఆ జరుగుబాటు అర ఆంగ్‌స్ట్రామ్, బి 80 అంటే ఒక ఆంగ్‌స్ట్రామ్. డిబై 1913లోనూ వాలర్ 1923లోనూ దీన్ని ఉష్ణ కంపనంగా చూశారు. ప్రోటీన్ స్ఫటికంలో మాత్రం బి లోకి కంపనం ఒక్కటే కాదు, ఒక యూనిట్ సెల్‌కూ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి) మరో దానికీ ఉన్న అమరిక తేడా, మీరు గమనించని రెండో కన్ఫర్మేషన్ (అణువు తీసుకునే మరో ఆకృతి), తప్పుగా పెట్టిన సైడ్ చెయిన్ (అమైనో ఆమ్లపు పక్క కొమ్మ), రేడియేషన్ వల్ల జరిగిన నష్టం అన్నీ చేరతాయి. మోడల్‌లో చోటు దొరకని ప్రతి తప్పూ చివరికి బి లోనే తల దాచుకుంటుంది. అందుకే కోఆర్డినేట్లు, అంటే పరమాణువుల స్థానాలు, కుదురుకున్న చాలాసేపటికి గానీ బి కుదురుకోదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక పరమాణువు చెదరగొట్టే కిరణాల బలాన్ని బి ఎంత తగ్గిస్తుందో లెక్క వేయండి. రిజల్యూషన్ వర్గాన్ని నాలుగుతో గుణించి, దానితో బి ని భాగించి, వచ్చిన సంఖ్య మేరకు ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గించాలి. 2 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర బి 20 ఉన్న పరమాణువుకు 29 శాతం బలం మిగులుతుంది, బి 25 అయితే 21 శాతం. ఈ తేడాను డేటా చక్కగా పట్టుకోగలదు. అదే బి 80 అయితే మిగిలేది ఒక శాతం కన్నా తక్కువ, బి 100 అయితే అర శాతం కూడా లేదు. ఆ రెంటిలో ఏది నిజమో 2 ఆంగ్‌స్ట్రామ్ రిఫ్లెక్షన్లకు (స్ఫటికం చెదరగొట్టిన విడి కిరణాల కొలతలకు) తెలియదు. తెలియాలంటే 4 ఆంగ్‌స్ట్రామ్ దాకా వెనక్కి వెళ్లాలి. అక్కడ బి 80కి 29 శాతం, బి 100కి 21 శాతం. మొదటి జతకు 2 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర వచ్చిన అంకెలే ఇవి. కానీ 4 ఆంగ్‌స్ట్రామ్ వరకు ఉన్న రిఫ్లెక్షన్లు 2 ఆంగ్‌స్ట్రామ్ వరకు ఉన్నవాటిలో ఎనిమిదో వంతే. పైగా ఇంకాస్త కిందికి వెళితే స్ఫటికంలోని ద్రావణి ప్రభావం కూడా కలుస్తుంది. అంటే ఎక్కువ బి ఉన్న పరమాణువు గురించి డేటా నెమ్మదిగా, తక్కువ గొంతుతో మాట్లాడుతుంది. ప్రోగ్రాం దృష్టిలో అక్కడ నేల దాదాపు చదునుగా ఉంటుంది, ఎటు దిగాలో స్పష్టంగా కనిపించదు. మీ సహచరుల పరుగులో 50 నుంచి బయలుదేరిన బిగువైన పరమాణువులు త్వరగా కిందికి దిగి ఉంటాయి, ప్రోటీన్‌లో వదులుగా ఉండే లూపుల్లోనివి మాత్రం పైనే ఎక్కడో తిరుగుతూ ఉంటాయి. పై నుంచి దిగడం ఎప్పుడూ కష్టమే.

ఇది ఒక కారణం. రెండోది రిస్ట్రెయింట్లు, అంటే మోడల్ మీద ముందే పెట్టే షరతులు. బంధంలో ఉన్న రెండు పరమాణువుల బి విలువలు మరీ దూరంగా ఉండకూడదని ప్రోగ్రాంకు చెబుతాం. బంధం పొడవునా రెండు పరమాణువులూ దాదాపు సమానంగా కదులుతాయన్న ఊహను హిర్ష్‌ఫెల్డ్ 1976లో పరీక్షగా మలిచాడు. 2012లో షెల్‌ఎక్స్‌ఎల్ ప్రోగ్రాంకు వచ్చిన రిగు రిస్ట్రెయింట్ కూడా ఆ దారిలోదే. ఆలోచన మంచిదే కానీ దాని ఫలితం చూడండి. నలభై పరమాణువుల లూపు మొత్తం 25 నుంచి 60కి ఎక్కాలంటే ఏ ఒక్క పరమాణువూ ఒంటరిగా ఎక్కలేదు, పక్కది వెనక్కి లాగుతుంది. బియ్యం దుకాణం ముందు పొడవాటి వరుస కదిలినట్టు ముందున్నది కదిలితే గానీ వెనకది కదలదు. పరమాణువులను విడివిడిగా చూసి అడుగు ఎంత వేయాలో నిర్ణయించే పద్ధతులు ఇలాంటి సామూహిక కదలికల దగ్గరే నత్తనడక నడుస్తాయి. ఆర్-ఫ్యాక్టర్ మాత్రం ఈ లోపు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ లూపు ఆర్ లోకి తెచ్చే వాటా మొదటి నుంచీ కొద్దిదే.

మూడోది మీ కేసులో బలంగా అనుమానిస్తున్నది. అన్ని పరమాణువుల బి విలువలకూ తలా 5 కలిపి, లెక్కించిన విలువలను కొలిచినవాటితో సరిపెట్టే మొత్తం స్కేలులోని బి భాగం నుంచి అదే 5 తీసేస్తే ప్రోటీన్ నుంచి లెక్కించిన స్ట్రక్చర్ ఫ్యాక్టర్లు, అంటే ప్రతి రిఫ్లెక్షన్‌కూ మోడల్ ఇచ్చే విలువలు, మారవు. ద్రావణి భాగంలో మాత్రం కొద్దిగా తేడా వస్తుంది. అంటే సగటు బి, స్కేలు ఒకే త్రాసులో రెండు పళ్లాలు. ప్రోగ్రాములు స్కేలులోని ఐసోట్రోపిక్ (అన్ని దిశలకూ ఒకటే అయిన) భాగాన్ని పరమాణువులకు బదిలీ చేయడం ద్వారానో, దాన్ని సున్నా చేయడం ద్వారానో ఈ దోబూచులాటను ఆపడానికి చూస్తాయి. అయినా ద్రావణి స్కేలు, ద్రావణి బి ప్రతి సైకిల్లో మళ్లీ అంచనా వేయడం వల్ల సగటు కాస్త జారుతూ ఉండవచ్చు. మీరు, మీ సహచరులు చివరకు చేరిన స్కేలు విలువలను లాగ్ ఫైలులో పక్కపక్కన పెట్టి చూడండి. ఆరు యూనిట్లలో కొంత భాగం అక్కడే దొరుకుతుందని నా అంచనా.

ఇంకొకటి కూడా ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. మాక్సిమమ్ లైక్లీహుడ్ (మోడల్‌ను బట్టి ఈ డేటా రావడానికి ఉన్న అవకాశాన్ని పెంచుతూ పోయే) రిఫైన్‌మెంట్‌లో గమ్యమే నిలకడగా ఉండదు. మోడల్‌లో ఎంత తప్పు ఉందన్న అంచనాను, సిగ్మా-ఏ అంటామే దాన్ని, ప్రోగ్రాం మధ్యమధ్యలో సవరిస్తుంది. ఆటోమేటిక్ వెయిట్ పెట్టుకుంటే డేటాకూ జ్యామితికీ మధ్య తూకం కూడా మారుతుంది. మీరు ప్రతి జాబు మధ్యలో మోడల్‌కు రెండు నీటి అణువులు కలిపి ఒకటి తీసేస్తారు. ఇన్ని మారుతుండగా ఏదో ఒక విలువకు కన్వర్జ్ అయిందని, అంటే చేరి స్థిరపడిందని, అనడంలో అర్థమే లేదు. చిన్న అణువుల క్రిస్టలోగ్రఫీ చేసేవారు ప్రతి పారామీటర్ కదలికనూ దాని ప్రామాణిక దోషంతో భాగించి, అది నూరో వంతుకు తగ్గేదాకా వదలరు. మనకు ఆ సౌకర్యం లేదు. పూర్తి మాట్రిక్స్‌ను విలోమం చేసి దోషాలు లెక్కించేంత డేటా 1.2 ఆంగ్‌స్ట్రామ్ ప్రాంతంలో గానీ దొరకదు. ఆర్ కదలడం మానేస్తే చాలనుకునే మన అలవాటు అలా వచ్చింది. పది సైకిళ్ల అలవాటు, ఒక్క సైకిల్‌కే గంటలు పట్టిన కాలం నుంచి మిగిలింది. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఆ పది సైకిళ్లు టీ తాగేలోపు అయిపోతాయి. అయినా పదే ఎందుకు?

ఫీనిక్స్ అనే మరో ప్రోగ్రాం వాడేవారికి ఒక మాట. అందులో కోఆర్డినేట్లు ఒక అడుగులో, బి విలువలు మరో అడుగులో, ఆక్యుపెన్సీలు (ఎంత వంతు అణువుల్లో ఆ పరమాణువు ఆ చోట ఉందో చెప్పే అంకెలు) ఇంకో అడుగులో వంతుల వారీగా రిఫైన్ అవుతాయి. వీటి మధ్య ఉన్న సంబంధం తీరాలంటే మాక్రోసైకిళ్లు (ఈ అడుగులన్నీ కలిసిన చుట్లు) పెంచడం ఒక్కటే దారి. రెఫ్‌మ్యాక్ కోఆర్డినేట్లనూ బి నీ కలిపి కదుపుతుంది, రెండో డెరివేటివ్‌ల అంచనా కూడా వాడుతుంది. అంతమాత్రాన పది సైకిళ్లు చాలతాయని కాదు.

ఇప్పుడు మీరు చేయవలసినది. ఆఖరి మోడల్ తీసుకోండి. నీళ్లు కలపడం, చేత్తో సవరించడం పూర్తిగా ఆపండి. ఆటోమేటిక్ వెయిట్ తీసేసి, చివరి జాబులో అది ఏ విలువ దగ్గర ఆగిందో ఆ అంకెనే చేత్తో ఇవ్వండి. ఫ్రీ సెట్ అదే ఉంచండి. ఆ మోడల్‌కు రెండు నకళ్లు చేసి, ఒకదానిలో అన్ని బి విలువలూ 20, రెండో దానిలో అన్నీ 60 పెట్టండి. కోఆర్డినేట్లు రెండింటిలోనూ ఒకటే. రెండింటినీ 60 సైకిళ్లు నడపండి. తర్వాత ప్రతి పరమాణువుకూ మొదటి పరుగులో వచ్చిన బి ని అడ్డంగా, రెండో పరుగులో వచ్చిన బి ని నిలువుగా పెట్టి చుక్కల పటం గీయండి.

ఆ పటం చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. చుక్కలన్నీ మూలగీత (కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు వెళ్లే గీత) మీద ఒక యూనిట్ అటూ ఇటూగా ఉంటే స్థిరపడింది, ఇక అనుమానం అక్కర్లేదు. చుక్కలు మూలగీతకు సమాంతరంగా, కానీ కాస్త పక్కగా వరుస కడితే అది స్కేలుతో వచ్చిన తేడా, విడి పరమాణువుల తప్పు కాదు. ఎడమ కింద ఉన్న దట్టమైన గుంపు గీత మీద ఉండి, కుడి పైన చుక్కలు విసనకర్రలా విచ్చుకుంటే అవి మీ లైసిన్ కొసలు, లూపులు, ద్రావణంలోకి చాచుకున్న ఆర్జినిన్లు. మరో 60 సైకిళ్లు నడపండి. విసనకర్ర మూసుకుంటే అది కేవలం నెమ్మది. మూసుకోకపోతే ఆ పరమాణువుల బి ఎంతో మీ డేటా చెప్పలేకపోతోంది. అప్పుడు మీ ఫైలులో వాటి పక్కన ఉన్న అంకెలు రిస్ట్రెయింట్లు ఇచ్చినవి, స్ఫటికం ఇచ్చినవి కావు. మిగతా గుంపుకు ఎక్కడో దూరంగా ఒంటరిగా ఉన్న చుక్కలను ఒక్కొక్కటిగా మ్యాప్‌లో తెరిచి చూడండి. చుట్టూ 20 ఉండగా బి 5కి దిగిపోయిన నీటి అణువు నీరు కాకపోవచ్చు, అంతకన్నా ఎక్కువ ఎలక్ట్రాన్లున్న అయాను కావచ్చు.

ఎప్పుడు ఆపాలంటే నేను వాడే కొలత ఇది. వరుస సైకిళ్ల మధ్య సగటు బి కదలిక 0.1 కన్నా తగ్గాలి, అత్యధికంగా కదిలిన పరమాణువు కూడా ఒక యూనిట్ దాటకూడదు. ఇది శిలాశాసనం కాదు, నా చేతి లెక్క. మొత్తం సగటు ఒక్కటే చూడకండి, సగం పైకి, సగం కిందికి కదిలినా సగటు కదలదు.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి ఒక పాత గాయం కారణం. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఎంజైముకు లిగాండ్ (ప్రోటీన్‌కు అంటుకునే చిన్న అణువు) ఉన్న నిర్మాణం, లేని నిర్మాణం రెండూ చేశాను. లిగాండ్ లేనిదానిలో ఒక లూపు సగటు బి 55, ఉన్నదానిలో 30. లిగాండ్ చేరగానే లూపు బిగుసుకుంటుందని చక్కని పేరా రాసేశాను, బొమ్మకు ఎరుపూ నీలమూ రంగులు కూడా వేశాను. ముసాయిదా చదివిన ఒక పెద్దాయన ఒకటే అడిగారు: రెండింటినీ ఎన్నెన్ని సైకిళ్లు నడిపావు? మొదటిది నెలల తరబడి నడిచింది. రెండోది అన్ని బి విలువలూ 20 నుంచి మొదలై పది సైకిళ్లలో ఆగింది. మరో ఎనభై సైకిళ్లు నడిపితే 25 యూనిట్ల తేడా 7కి దిగింది. ఆ 7 కూడా రెండు స్ఫటికాల సగటు బి తేడాలోనే చాలావరకు కలిసిపోయింది. పేరా తీసేశాను. బొమ్మ మాత్రం చాలా రోజులు గోడ మీద ఉంచుకున్నాను.

మీ ప్రశ్న చివర్లో, ఆనైసోట్రోపిక్ (దిశను బట్టి మారే) బి లకు మారితే ఈ తంటా తీరుతుందా అని కూడా రాశారు. తీరదు, రెట్టింపవుతుంది. ఎందుకో అందరికీ తెలిసిన కోడిగుడ్డు లైసోజైమ్‌తో లెక్క వేద్దాం. 1965లో లండన్‌లో ఫిలిప్స్ బృందం 2 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర దీని నిర్మాణాన్ని చూపింది. 129 రెసిడ్యూలు (అమైనో ఆమ్లాలు), హైడ్రోజన్లు కాకుండా 1001 పరమాణువులు. టెట్రాగోనల్ స్ఫటికం, అంచులు దాదాపు 79, 79, 38 ఆంగ్‌స్ట్రామ్‌లు, సెల్‌లో ఎనిమిది అణువులు. ఈ కొలతలతో విడి రిఫ్లెక్షన్లు 2 ఆంగ్‌స్ట్రామ్ వరకు సుమారు 8 వేలు, 2.5 వరకు 4 వేలు, 1.2 వరకు 36 వేలు వస్తాయి. పరమాణువుకు మూడు కోఆర్డినేట్లు, ఒక బి పెట్టుకుంటే పారామీటర్లు 4004. అంటే 2.5 దగ్గరే తెలియనివాటికి సమానంగా మాత్రమే కొలతలున్నాయి. ఆనైసోట్రోపిక్‌గా మారితే బి స్థానంలో ఆరు అంకెలు, పరమాణువుకు మొత్తం తొమ్మిది, కలిపి 9009. మీలాంటి రిజల్యూషన్‌లో కొలతల కన్నా తెలియనివే ఎక్కువ. 1.2 దగ్గర నాలుగు రెట్లు కొలతలు ఉంటాయి కాబట్టి అక్కడ అది న్యాయమే. 1.5 దగ్గర రెండు రెట్లు, రిస్ట్రెయింట్లు గట్టిగా ఉంటేనే ప్రయత్నించవచ్చు. మీరు ఆ పెట్టెలో టిక్కు పెడితే ఆర్ తప్పకుండా తగ్గుతుంది, ఎందుకు తగ్గదు? ఆర్-ఫ్రీ ఎటు వెళ్లిందో చూడండి.

మీ రిజల్యూషన్‌కు తగిన మార్గం టీఎల్‌ఎస్. షోమేకర్, ట్రూబ్లడ్ 1968లో ఇచ్చిన ఆలోచన ఇది. ఒక గుంపును దృఢమైన వస్తువుగా తీసుకుని, దాని జరుగుబాటు, ఊగుబాటు, ఈ రెంటి కలయికను 20 అంకెల్లో వర్ణిస్తుంది. రెండు గొలుసుల ప్రోటీన్‌కు గొలుసుకు మూడు గుంపులు పెట్టినా 120 అంకెలే అదనం. కానీ రెఫ్‌మ్యాక్‌లో టీఎల్‌ఎస్ వాడేవారు ఒక గోతిలో తరచుగా పడుతుంటారు. టీఎల్‌ఎస్ మొదలుపెట్టే ముందు అన్ని బి విలువలనూ ఒకే అంకెకు మార్చే ఎంపిక ఒకటుంది. మొదటి జాబులో అది సరైనదే. తర్వాతి జాబుల్లో కూడా ఆ టిక్కు అలాగే ఉండిపోతే ప్రతిసారీ బి విలువలు మొదటి మెట్టు నుంచి ఎక్కడం మొదలుపెట్టి పది సైకిళ్లలో అదే చోటికి వచ్చి ఆగుతాయి. అది స్థిరపడటం కాదు, అక్కడిదాకా వెళ్లే సమయమే ఇచ్చారు. ఇక అవుట్‌పుట్ ఫైలులో టీఎల్‌ఎస్ వాటా కలిపిన మొత్తం బి ఉందా, టీఎల్‌ఎస్ పోగా మిగిలినదే ఉందా అన్నది చూసుకోకుండా ఇద్దరి ఫైళ్లనూ పోల్చకండి. మీ 38, వారి 44 ఒకే రకం అంకెలేనా? మీరు రాసినదాన్ని బట్టి ఇది నాకు స్పష్టంగా తెలియలేదు.

లిగాండ్ సంగతి వేరు. ఈ రిజల్యూషన్‌లో ఆక్యుపెన్సీనీ బి నీ ఒకేసారి వదిలేస్తే రెండూ చేతులు కలిపి నడుస్తాయి. ఆక్యుపెన్సీ తగ్గితే బి తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది, మ్యాప్ దాదాపు అలాగే ఉంటుంది. లిగాండ్ బి చుట్టుపక్కల సైడ్ చెయిన్ల సగటుకు రెట్టింపు చూపిస్తుంటే ముందు ఆక్యుపెన్సీని అనుమానించండి. బి ని పొరుగువారి స్థాయికి కట్టేసి ఆక్యుపెన్సీని మాత్రమే రిఫైన్ చేయండి. వచ్చిన ఆక్యుపెన్సీని బిగించి ఈసారి బి ని వదలండి. రెండు దిక్కుల నుంచి వచ్చినా ఒకే జతకు చేరితే సరే.

సగటు బి ఎంత ఉండాలన్నదానికి డేటా నుంచి నేరుగా అంచనా వేసే విల్సన్ బి ఒక దారి చూపుతుంది. మీ డేటా నుంచి అది ఎంత వచ్చిందో రాయలేదు. రిఫైన్ అయిన సగటు దానికన్నా కాస్త ఎక్కువ ఉండటం మామూలే, ఎందుకంటే విల్సన్ గీతలో అధిక రిజల్యూషన్ కొసను నడిపేవి బాగా అమరిన పరమాణువులు. కాస్త కాకుండా రెట్టింపు ఉంటే గొలుసుల్లో ఒకటి నిజంగా వదులుగా ఉందేమో చూడండి. అసిమెట్రిక్ యూనిట్‌లోని (సిమెట్రీతో స్ఫటికమంతా కట్టడానికి చాలినంత చిన్న భాగంలోని) రెండు నకళ్లలో ఒకదాని సగటు 28, రెండోదాని సగటు 47 అయినా ఆశ్చర్యం లేదు. స్ఫటికంలో ఒకదానికి చుట్టూ పొరుగులున్నారు, రెండోది గుమ్మంలో నిలబడి ఉంది. అలాంటప్పుడు రెండు గొలుసుల బి లూ సమానంగా ఉండాలని బలవంతం చేసే రిస్ట్రెయింట్ పెడితే అది నిజాన్ని చెరిపేస్తుంది.

రెండు పరుగులూ అయ్యాక చుక్కల పటం, రెండు లాగ్ ఫైళ్లలోని ఆఖరి స్కేలు విలువలు, విల్సన్ బి ఇక్కడ పెట్టండి. టీఎల్‌ఎస్ వాడుతున్నారా, వాడుతుంటే ఆ టిక్కు ఉందా లేదా అన్నది కూడా రాయండి. ఈలోపు మోడల్‌ను డేటాబ్యాంకుకు ఇచ్చే డిపాజిషన్ మొదలుపెట్టకండి, సగటు బి గురించి వ్యాసంలో ఒక్క వాక్యం కూడా రాయకండి. కోఆర్డినేట్లు చూసి చేస్తున్న మిగతా విశ్లేషణను మాత్రం ఆపనక్కర్లేదు. ఆర్ కదలనంతగా మోడల్ కుదురుకుంది కాబట్టి, ఈ ఆరు యూనిట్లతో దానికి వచ్చే నష్టం పెద్దగా ఉండదు.